పొయ్యి పక్కన పిల్లి

నేను పక్కన లేని గదిలో, ఆ గది వేడికి, నా కూతురు సిల్లె నిద్రలోనే ఊపిరి తీసుకోవడం మరిచిపోతుందని నా భయం. అన్నిటికంటే పెద్ద భయం అదే, మిగతావన్నీ దాని పిల్లలు. పసిపిల్లల్ని చూడటానికి ఇంటికి వచ్చే నర్సు మొదటి వారంలోనే చెప్పింది, పాప పడుకునే గది పందొమ్మిది డిగ్రీలు దాటనివ్వకు, మరీ వేడిగా ఉంటే పసివాళ్లు ఒక్కోసారి, అని అక్కడ ఆగి, కలానికి మూత పెట్టుకుని, సిల్లె బరువు రాసిన పుస్తకం నా చేతికిచ్చి వెళ్లిపోయింది. ఆ ‘ఒక్కోసారి’ తర్వాత ఏముందో నేను అడగలేదు. ఏడు నెలలుగా ఆ మాట నా లోపల ఎత్తిన కాలు కింద పెట్టని కొంగలా నిలబడే ఉంది. ఇప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట నలభై, రైలు హూరుప్ దాటి పొలాల మధ్య ఆగిపోయి ఇరవై నిమిషాలైంది, నా ఫోను పాప గది ఇరవై నాలుగు పాయింట్ ఆరు అంటోంది. పొద్దున్న నేను పెట్టి వచ్చింది పందొమ్మిది. పందొమ్మిది దగ్గర ఆగాల్సిన గది ఇరవై నాలుగుకి ఎందుకు వెళ్తుంది, గదికి వేడినీళ్లు వదిలే వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయిందా, లేక నేను బిగించడంలోనే ఏదో తప్పు చేశానా, సగం చదువు చదివిన చేతులు కదా ఇవి, సగమే బిగిస్తాయేమో.

పట్టాల మీద మంచు మేట వేసింది, దాన్ని తోసే బండి స్ట్రూర్ నుంచి రావాలి, అని టికెట్లు చూసే ఆమె చెప్పింది, ఎంతసేపని అడిగితే గాలిని అడగాలి అంది. రెండే పెట్టెల రైలు, పెట్టెలో మేం నలుగురం. కిటికీ అవతల తెలుపు, దాని అవతల ఇంకొంచెం మురికి తెలుపు, అది సముద్రపాయ అయ్యుండాలి. బయట మైనస్ ఆరు. ఇంటికి, థిస్టెడ్‌కి, మామూలుగా అయితే అరగంట. నేను హోల్స్టెబ్రో వెళ్లి వస్తున్నాను, నేను వదిలేసిన బడికి, వేడినీళ్ల గొట్టాల పని నేర్పే బడికి, రెండో ఏడాది మధ్యలో కడుపు బయటపడి, బాయిలరు గది వాసనకి రోజూ వాంతులై, వదిలేసిన చోటికి. ప్రెబెన్ మాస్టారు తలుపు దగ్గరే గుర్తుపట్టాడు. నీ పానా ఇంకా నా దగ్గరే ఉంది, తీసుకెళ్లకుండా పోయావు అన్నాడు. ఆగస్టులో మళ్లీ చేరొచ్చట, మొదటి నుంచి కాదు, ఆగిన చోటి నుంచే, పాపని చూసుకునే మనిషి ఉందా అని మాత్రం అడిగాడు. ఉంది అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా గొంతులో ఎంత ధీమా ఉందో నాకే వినిపించింది. మా అత్త యుట్టె ఉంది, సిల్లె పుట్టిన రోజు నుంచి నాకూ నాన్నమ్మే ఆమె, నలభై ఏళ్లు ఊళ్లో పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని చూసింది, థిస్టెడ్‌లో సగం మంది ముక్కులు ఆమె తుడిచినవే, మొన్న బ్యాంకులో మీసాలున్న గుమాస్తా కూడా ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

ఇరవై ఆరు పాయింట్ ఒకటి. ఇది గది కాదు, పొయ్యి. వేలితో అంకెను కిందికి లాగాను, పదహారుకి, తర్వాత పన్నెండుకి, తర్వాత ఐదుకి, ఐదు కంటే కిందికి రాదు. వాల్వు మూసుకుంది అని ఫోను చెప్పింది, తెరిచి ఉన్నది సున్నా శాతం అని కూడా చెప్పింది, అంత మూసుకున్నాక ఇంకేం మూసుకుంటుంది. అయినా అంకె ఎక్కుతోంది. మరి వేడి ఎక్కడి నుంచి వస్తోంది, వంటింటి నుంచా, వసారా నుంచా, నాన్నమ్మ తలుపులన్నీ బార్లా తీసి ఉంటుంది, ఆమెకి మూసిన తలుపులంటే పడదు. వంటింట్లో వేడినీళ్లు తిరిగే రేడియేటరునీ, వసారాలో దాన్నీ కూడా మూసేశాను, ముప్పై కిలోమీటర్ల దూరం నుంచి మూడు గదుల గొంతులు మూడు వేళ్లతో నొక్కేశాను, నొక్కాక ఊపిరి కొంచెం ఆడింది. ఫోను చేశాను. మోగింది, మోగింది, ఆగింది. ఆమె ఫోను వసారాలో చేతిసంచిలో ఉంటుంది, పాప పడుకోగానే దాని నోరు నొక్కేస్తుంది, నిద్రపోయే బిడ్డ ఉన్న ఇంట్లో ఫోను మోగడం దొంగ దూరినట్టే అంటుంది. ట్రోల్స్‌కి చేయడం దండగ, సిల్లె వాళ్ల నాన్న సముద్రంలో గాలిమర స్తంభం పైన వేలాడుతుంటాడు, ఆరింటి వరకూ వాడి ఫోను ఓడలోనే.

ఆ వాల్వులు పెట్టింది నేనే. ఊరంతటికీ ఒకచోట నీళ్లు కాచి గొట్టాల్లో పంపుతారు కాబట్టి నీళ్లు ఎప్పుడూ వేడే, గదిలోకి ఎంత రానివ్వాలో వాల్వు చూసుకుంటుంది. పాతవి ఒకటి నుంచి ఐదు దాకా అంకెలున్న, చేత్తో తిప్పే పిడులు, వాటిని విప్పి, బ్యాటరీతో తిరిగే కొత్తవి బిగించాను, ట్రోల్స్ పుట్టినరోజు డబ్బుతో. బిగించేటప్పుడు ప్రెబెన్ మాస్టారి మాట చెవిలో ఉంది. వాల్వు రేడియేటరు ముక్కు మీద కూర్చుంటుంది, అది పొయ్యి పక్కన కూర్చున్న పిల్లి లాంటిది, ఇల్లంతా గడ్డకట్టుకుపోతున్నా నాకు వెచ్చగానే ఉందంటుంది, దాని మాట నమ్మితే గదిలో ఉన్నవాళ్ల పని అంతే, అనేవాడు. అందుకే వేరే ఒక చిన్న డబ్బా, అగ్గిపెట్టెకి కొంచెం పెద్దది, తెల్లది, మనిషి ఉండే చోట పెట్టాలి, వెచ్చగా ఉందో చల్లగా ఉందో ఆ డబ్బా చెప్పాలి, వాల్వు తన ముక్కుని నమ్మకుండా డబ్బా చెప్పింది వినాలి. రెంటినీ జతకట్టి, డబ్బాని సిల్లె మంచం పైన మేకుకి తగిలించాను. తగిలించిన రోజు ఎంత హాయిగా నిద్రపోయానో. మా అమ్మ ఇంట్లో, అద్దె ఇంట్లో, నా గదిలో కిటికీ లోపలి వైపు మంచు పూసేది, గోరుతో దాని మీద నా పేరు రాసేదాన్ని, తలకి టోపీ పెట్టుకుని పడుకునేదాన్ని, నా గది ఎంత ఉందో ఎవరూ ఎప్పుడూ కొలవలేదు. నా కూతురి గదిని నేను కొలుస్తాను అనుకున్నాను. కొలుస్తున్నాను. ఇరవై ఎనిమిది పాయింట్ సున్నా.

ఎదురు సీటులో ముసలాయన రై రొట్టె మీద కాలేయపు ముద్ద రాసుకుని తింటున్నాడు, మోకాళ్ల మీద రుమాలు పరిచి, ఇంట్లో బల్ల ముందు కూర్చున్నంత నిదానంగా. నేను ఫోను తీయడం, పెట్టడం, తీయడం చూసి ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. పాప గది వేడెక్కుతోందని చెప్పాను. ఈ చలిలో వేడెక్కుతుంటే మంచిదే కదా అన్నాడు. కాదని చెప్పడానికి నర్సు మాట మొత్తం చెప్పాలి, సగం మాటను మొత్తంగా ఎలా చెప్పను. ఆయన రొట్టె ముక్క నా వైపు చాచాడు, వద్దన్నాను, చాచిన చెయ్యి వెనక్కి తీయలేదు, తీసుకున్నాను. ఉప్పగా ఉంది. పొద్దున్న నేనేమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

మొన్న ఆదివారం నేను అరవకుండా ఉండాల్సింది. అరవడం అని నేను అనుకుంటున్నాను, ట్రోల్స్ అయితే గొంతు కొంచెం పెంచావు అంటాడు. నాన్నమ్మ అలవాటు కొద్దీ వాల్వుని చేత్తో తిప్పేసింది, పాతవాటిని తిప్పినట్టు, రెండు చుట్లు. అక్టోబరులో న్యుమోనియా వచ్చి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చింది కదా, అప్పటి నుంచి ఆమెకి ఎక్కడ కూర్చున్నా చలే, రెండు స్వెట్టర్ల మీద చెయ్యిలేని కోటు ఒకటి వేసుకుంటుంది. గది ఇరవై రెండుకి ఎక్కింది, నేను పరుగెత్తుకొచ్చి, దాన్ని ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలి, అది నీ పొయ్యి కాదు అన్నాను, కొడుకు ముందే అన్నాను. ఆమెకి కోపం వస్తే ముందు నవ్వు వస్తుంది. చేతులు రెండూ పైకెత్తి, పోలీసు ముందు దొంగలా నిలబడింది.

“సరే బంగారూ. గడ్డకట్టి చచ్చినా ముట్టుకోను.”

అని, సిల్లె మెడ వెనక రెండు వేళ్లు పెట్టి చూసి, నా వేళ్లకి బ్యాటరీ అక్కర్లేదు అని తనలో తాను అనుకుంటున్నట్టు అంది. నలభై ఏళ్లు ఆమె కొలత అదే, మెడ వెనక రెండు వేళ్లు, చల్లగా ఉంటే ఒక ఉన్ని చొక్కా, చెమటగా ఉంటే ఒకటి తీసేయడం. ఆమె మాట ఇస్తే మాటే. మొగుడు పోయిన ఏడాది సిగరెట్టు మానేస్తానంది, ఆ పూటే మానేసింది, సగం పెట్టె ఇప్పటికీ బీరువాలో ఉంది. ఆ డబ్బా సంగతి కూడా అంతే. ఒకరోజు మంచాన్ని కిటికీ దగ్గర నుంచి గోడ మూలకి జరిపింది, డబ్బా పాత మేకుకే వేలాడుతోంది, అప్పుడు చెప్పాను, ఇది ఎప్పుడూ సిల్లె దగ్గరే ఉండాలి నాన్నమ్మా, సిల్లె ఎక్కడ పడుకుంటే ఇది అక్కడ, మరిచిపోకు. మరిచిపోను అంది. మరిచిపోలేదు కూడా, తర్వాత ఎప్పుడు చూసినా డబ్బా మంచం కమ్మీకే ఉంది, ఆమె ఉన్నిదారంతో కట్టిన ముడితో.

ముప్పై పాయింట్ మూడు. రైలులో ఎవరో దగ్గారు, నేను ఉలిక్కిపడ్డాను. మంట అయితే. గది తగలబడుతుంటే మొదట ఇలాగే ఎక్కుతుందా అంకె, నెమ్మదిగా, మర్యాదగా. కాదు, మంట అయితే పొగని పసిగట్టే గంట నా ఫోనుకీ చెప్పేది. మరేంటి. అత్యవసర నంబరు మీద వేలు పెట్టి తీసేశాను, ఏమని చెప్పను, మా గది ముప్పై డిగ్రీలుందనా. మైనస్ ఆరులో ముప్పై డిగ్రీల గది ఉన్నందుకు వాళ్లు నన్ను అభినందిస్తారు. ముప్పై ఒకటి పాయింట్ రెండు. నిలబడ్డాను, కూర్చున్నాను. నిద్రలో పాప నుదుటి మీద చెమట బొట్లు ఎలా ఉంటాయో కళ్లు మూస్తే కనిపిస్తోంది, కళ్లు తెరిస్తే అంకె కనిపిస్తోంది. ముసలాయన రుమాలు మడిచి జేబులో పెట్టుకుంటూ అన్నాడు, పాప ఎన్ని నెలలది, ఏడా, అయితే ఈ వేళకి బయట పడుకుని ఉండాలే.

“మేమంతా పిల్లబండిలో, మంచులో నిద్రపోయిన వాళ్లమే. అందుకే ఇంత అందంగా తయారయ్యాం.”

నవ్వాను. నవ్వి, ఇవాళ లోపలే పడుకోబెట్టమని చెప్పాను అన్నాను, ముక్కు కారుతోంది అందుకని. ఆ మాట నా నోట్లోంచి బయటికి వస్తుండగానే పొద్దున్న నాన్నమ్మ ముఖం గుర్తొచ్చింది. సిల్లె ముక్కు కారుతోంది, ఇవాళ పెరట్లో వద్దు, గదిలో పడుకోబెట్టు అన్నాను బూట్లు తొడుక్కుంటూ. చూద్దాంలే అంది. చూద్దాంలే. నలభై ఏళ్లు ఐదేసి పిల్లబండ్లు వరసగా పెరట్లో నిలబెట్టిన మనిషి, ముక్కు కారితే గాలే మందు అనే మనిషి, చూద్దాంలే అంటే ఏమిటి అర్థం. సిల్లె బయట ఉంది. సిల్లె బండిలో ఉంది, ఉన్ని టోపీ, గొర్రెతోలు పరుపు, దాని మీద ఈకల బొంత. సిల్లె ఎక్కడ పడుకుంటే డబ్బా అక్కడ. ముప్పై ఒకటి పాయింట్ రెండు, ఐదు నిమిషాలుగా అక్కడే నిలబడింది, ఎక్కడం లేదు దిగడం లేదు. ఏ గదీ అలా నిలబడదు. బొంత కింద, నిద్రపోతున్న బిడ్డ పక్కన, వెచ్చటి చోటు అలా నిలబడుతుంది. అది గది కాదు. అది నా కూతురు. నా కూతురు తన ఒంటి వేడిని నాకు గంటసేపటి నుంచీ చెప్తోంది, బాగానే ఉన్నాను, బాగానే ఉన్నాను అని, నేను దాన్ని విని అన్నీ మూసేస్తున్నాను.

ఏడుపొచ్చింది, సంతోషంతోనే వచ్చింది, రెండు క్షణాలు. ఆ తర్వాత, అయితే గది ఎంత ఉంది, అనుకున్నాను.

ఫోనులో లోపలి పుట ఒకటుంది, ఎవరూ చూడనిది, బిగించేటప్పుడు పనివాళ్లు చూసుకునేది. అందులో వాల్వు తన సొంత ముక్కుకి తగిలేది చెప్తుంది. తెరిచాను. ఎనిమిది పాయింట్ ఏడు. మళ్లీ తెరిచాను. ఎనిమిది పాయింట్ ఆరు. ప్రెబెన్ మాస్టారు పిల్లి కథ చెప్పి ఊరుకోలేదు, చివర ఇంకో మాట చెప్పేవాడు, ఆ మాట చెప్పేటప్పుడు సుద్దముక్క మా వైపు చూపించేవాడు, పిల్లి వెచ్చగా ఉందంటే నమ్మకండి, కానీ పొయ్యి పక్కన పిల్లే చలిగా ఉందన్న రోజు లేచి పరుగెత్తండి. డబ్బా బొంత కిందికి వెళ్లి పందొమ్మిది దాటిన క్షణం నుంచీ వాల్వు ఆ గదికి వేడినీళ్లు ఆపేసింది. పెరటి వైపున్న ఆ గది కిటికీ కూడా తెరిచే ఉంటుంది, బెత్తెడు, బండి బయట ఉంటే నాన్నమ్మ ఎప్పుడూ తెరిచే ఉంచుతుంది, పాప మూలుగు వినే యంత్రాన్ని ఆమె నమ్మదు, కిటికీ పక్కన కుర్చీ వేసుకుని సొంత చెవితో వింటుంది, బయట బిడ్డ నిద్రపోతున్నంతసేపూ ఆ కుర్చీలోంచి లేవదు, అల్లిక కూడా తీయదు, సూదుల చప్పుడు అడ్డమని. మైనస్ ఆరు గాలి ఆ బెత్తెడు సందులోంచి తిన్నగా ఆమె మెడ మీదికి. మూసిన తలుపులంటే పడకపోయినా, కిటికీ తెరిచినప్పుడు మాత్రం ఆ గది తలుపు టపాటపా కొట్టుకోకుండా మూసే ఉంచుతుంది. పక్కన రేడియేటరు రాయిలా. చెయ్యి చాస్తే వాల్వు అందుతుంది. చాచదు.

వంటింటిదీ వసారాదీ పూర్తిగా తెరిచాను, అవి వాటి ముక్కులనే నమ్ముతాయి, తెరుచుకున్నాయి, వంటిల్లు అప్పుడే ఇరవై ఒకటి, మూసిన తలుపుకి అవతల, ఎవరూ లేని వంటిల్లు. పాప గది అంకెను పైకి లాగాను, ఇరవై ఐదు, ఇరవై ఎనిమిది, ముప్పై, ముప్పై కంటే పైకి పోదు. డబ్బా ముప్పై ఒకటి అంటోంది. ముప్పై అడిగిన గదికి ముప్పై ఒకటి ఉందంటే వాల్వు ఎందుకు తెరుచుకుంటుంది. ఒక్క డిగ్రీ. సిల్లె కాలితో బొంత తన్నేస్తే తెరుచుకుంటుంది, తన్నమని ఎలా చెప్పను. రెంటికీ నేను కట్టిన జత విప్పాలంటే వాల్వు పక్కన నిలబడి దాని బొత్తం నొక్కి పట్టుకోవాలి, ఆ బొత్తం పక్కన ఇప్పుడు ఉన్నది ఒక్కటే మనిషి, గడ్డకట్టి చచ్చినా ముట్టుకోనన్న మనిషి.

మనిషి ఎక్కడ కూర్చుంటుందో ముందు చూడు, తర్వాత డబ్బా ఎక్కడ పెట్టాలో చూడు. అది రెండో ఏడాది పాఠం అయ్యుంటుంది, నేను వెళ్లిపోయాక చెప్పి ఉంటాడు. నేను బిడ్డ ఎక్కడ పడుకుంటుందో మాత్రమే చూశాను. ఆమె లేకపోతే ఆగస్టులో నా చదువు ఏమవుతుందని ఒక్క క్షణం అనుకున్నాను, అనుకున్నందుకు నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపించింది. ఆమెకి మళ్లీ ఫోను చేశాను, ఆరుసార్లు. చేతిసంచిలో, వసారాలో, వెలుగుతూ ఆరుతూ. పై వాటాలోకి వచ్చినవాళ్లు కొత్తవాళ్లు, గంట మీద పేరు తప్ప ఏమీ తెలియదు, నంబరు లేదు. అత్యవసర నంబరుకి చేశాను, ఈసారి నిజంగానే చేశాను. మా అత్త కుర్చీలో కూర్చుని ఉంది, గది చల్లగా ఉంది అన్నాను. ఆమెకి స్పృహ లేదా అని అడిగారు. తెలియదన్నాను. పడిపోయిందా. తెలియదు. అంబులెన్సులన్నీ మంచులో జారిన కార్ల దగ్గరున్నాయి, వీలైనప్పుడు పంపిస్తాం, ఈలోపు దగ్గర్లో ఎవరినైనా వెళ్లి చూడమనండి, అని నెమ్మదిగా చెప్పి పెట్టేసింది ఆ అమ్మాయి. ఎవరిని అనను. ఎనిమిది పాయింట్ రెండు. సిల్లె మామూలుగా మూడింటి దాకా లేవదు, గాలికి ఇంకా బాగా నిద్రపడుతుంది. ఈ ఒక్కరోజు ముందే లేవకూడదా తల్లీ, లేచి గట్టిగా ఏడవకూడదా, నువ్వు ఏడిస్తే ఆమె కుర్చీలోంచి లేస్తుంది కదా, లేవగలిగితే. తోసే బండి ఇంకా రాలేదు. ముసలాయన తన చేతి తొడుగులు తీసి నా ఒడిలో పెట్టాడు, నాకు చలేస్తోంది అనుకున్నాడేమో.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను, థిస్టెడ్‌లో ఉంటే, రేవు నుంచి పైకెక్కే వీధిలో ఎర్ర ఇటుకల ఇంటి ముందు నుంచి ఇప్పుడు మీరు వెళ్తుంటే. గంట కొట్టకండి, పాప లేస్తుందని తలుపు తియ్యదు. పక్క సందులోంచి పెరట్లోకి రండి, గేటుకి తాళం ఉండదు. అక్కడ నీలం రంగు పిల్లబండి ఉంటుంది, అందులోకి తొంగి చూడకండి, పాప బాగుంది, అది నాకు తెలుసు, అది నాకు ముప్పై ఒకటి పాయింట్ రెండు సార్లు తెలుసు. దాని పక్క కిటికీలోంచి లోపలికి చూడండి. కుర్చీలో చెయ్యిలేని కోటు వేసుకున్న ఆమె ఉంటుంది. ఎలా ఉన్నారని అడగకండి, బాగానే ఉన్నానంటుంది. వాల్వు ముట్టుకోవచ్చని సిల్లె వాళ్లమ్మ చెప్పిందని చెప్పండి. చెప్పినా కదలకపోతే, కిటికీ సందులోంచి చెయ్యి పెట్టి, ఆమె మెడ వెనక, రెండు వేళ్లు పెట్టి చూడండి.